ఇల్లు లేని గృహస్థు: చార్లీ చాప్లిన్ చిత్రములు, ఆత్మకథ

చార్లీ చాప్లిన్ పేరు చెప్పగానే మన వారి మనస్సులో రెండు బొమ్మలు మెదలును. ఒకటి, బిగుతు కోటు, వదులు లాగు, పెద్ద బూట్లు, చేతికఱ్ఱ గల దేశదిమ్మరి. రెండవది, తల దాచుకొన చోటు లేని లండను బాలుడు కోటీశ్వరుడైన కథ. ఈ రెంటిని జతపఱచి, దారిద్ర్యమే అతనికి గురువనియు, వీధియే అతని పాఠశాల యనియు చెప్పుట సభలలోను బాలుర పుస్తకములలోను పరిపాటి యైనది. వినుటకు ఇంపైన ఈ మాట రెండు విధముల చెఱుపు చేయుచున్నది. చిత్రములను సరిగా చూడనీయదు. పేదరికమును గూర్చి సరిగా ఆలోచింపనీయదు.

మన దేశమున ఈ పొరపాటునకు మఱొక కారణము కూడ కలదు. ఇల్లు విడిచి తిరుగువానిని మనము తరతరములుగా గౌరవించినాము. జంగమదేవర, బైరాగి, అవధూత, పరివ్రాజకుడు వీరందఱును ఇల్లు లేనివారే. ఆ లేమి వారికి కొఱత కాదు, అలంకారము. రాజ్ కపూర్ 'ఆవారా' (1951), 'శ్రీ 420' (1955) అను హిందీ చిత్రములలో చాప్లిన్ వేషమును మన నేలకు దింపిన పిమ్మట, దిమ్మరితనమనగా నిశ్చింతగా పాడుకొనుచు పోవుట యను భావము మఱింత పాదుకొన్నది. ఆ కన్నుతోనే మూలపురుషుని చూచి, ఇతడును ఒక అవధూతయే యని మురియువారు కలరు. చిత్రములు మాత్రము అట్లు చెప్పుట లేదు. చాప్లిన్ దిమ్మరి దేనిని వదలుకొన్నవాడు కాడు. అతనికి తలుపు కావలెను, బల్ల కావలెను, దుప్పటి కావలెను, ఎదుట కూర్చుండి తినుటకు తోడొకరు కావలెను. దొరకని చోట వానిని కల్పించుకొనును. ఇల్లు లేని గృహస్థు అనుట అతనికి తగిన పేరు.

ఈ గుణము అతనికి ఎక్కడినుండి వచ్చెనో తెలియుటకు జీవితమును కొంత చూడవలసి యున్నది.

చాప్లిన్ 1889 ఏప్రిలు 16వ తేదీన జన్మించెను. తల్లి హన్నాయు, తండ్రి చార్లెసును ఇంగ్లండు వినోదశాలలలో పాడి జీవించువారు. తండ్రి త్రాగుడునకు లోబడి కుటుంబమునకు దూరమయ్యెను. 1901లో ముప్పదియెనిమిదేండ్లకే మరణించెను. తల్లికి గొంతు చెడెను. ఆల్డర్‌షాట్ అను దండువారి ఊరిలో ఆమె పాట నడుమ ఆగిపోయిన నాడు, ఐదేండ్ల కొడుకు రంగస్థల మెక్కి పాడెననియు, ప్రేక్షకులు నాణెములు విసరగా పాట ఆపి, ముందు డబ్బు ఏరుకొందునని చెప్పి వారిని నవ్వించెననియు ఆత్మకథలో కలదు. కళాజీవితమునకు శుభారంభముగా ఈ ఘట్టమును అందఱును ఉదాహరింతురు. నిజమునకు ఆ రాత్రితో ఒక గాయనీమణి జీవనోపాధి ముగిసినది. పిమ్మట కుట్టుపనియే ఆమెకు ఆధారమయ్యెను. చార్లీకి నాలుగేండ్లు పెద్దవాడైన సిడ్నీ యను సవతి సోదరుడుండెను. ఇద్దఱు పిల్లలతో గది వెంట గది మాఱుచు, తుదకు 1896లో ఆమె లాంబెత్‌లోని 'వర్కుహౌసు'లో చేరవలసి వచ్చెను.

వర్కుహౌసు అనగా దిక్కులేని పేదలకు కూడు గుడ్డ యిచ్చి పని చేయించుకొను శాల. ఆకలి తీర్చుటతో పాటు అచటికి మరల ఎవరును రాకుండునట్లు చేయుటయు దాని నియమములలోని ఉద్దేశము. లోపల అడుగిడిన కుటుంబము గుమ్మము దగ్గఱనే చీలిపోవును. ఆడువారొక వైపు, పిల్లలొక వైపు. చాప్లిన్ సోదరులను హాన్‌వెల్‌లోని అనాథ విద్యాలయమునకు పంపిరి. అచట చార్లీకి తామర సోకగా తల గొఱిగించిరి. చేయని తప్పునకు తానే చేసితినని ఒప్పుకొని బెత్తపు దెబ్బలు తినెను. ఈ భాగమును ఆత్మకథలో చదువునపుడు గమనింపదగిన దేమనగా, అతడు దుఃఖమును వర్ణింపడు, వస్తువులను చెప్పును. బట్టలెట్టివి, భోజనమేది, ఎవరు ఎచట నిలుచుండిరి, అంతియే.

1898లో ఆ కుటుంబము మరల వర్కుహౌసు పాలయ్యెను. అపుడు జరిగిన ఒక దినపు వృత్తాంతము ఆత్మకథ కంతటికిని ఆయువుపట్టు వంటిది. తాము వెలుపలికి పోదుమని ముందుగా తెలిపి, బట్టలు తిరిగి పుచ్చుకొని వెడలిపోవు హక్కు అచటి వారికి కలదు. హన్నా అట్లే తెలిపి, పిల్లలిద్దఱిని తీసికొని బయటికి వచ్చెను. వారికి పోదగిన ఇల్లు లేదు. మూటకట్టి యుంచిన బట్టలు ముడుతలు పడి యున్నవి. సిడ్నీ దగ్గఱ తొమ్మిది పెన్నీలున్నవి. మువ్వురును కెన్నింగ్టన్ ఉద్యానమునకు పోయి, ఆ డబ్బులో కొంత పెట్టి అఱపౌను నల్ల చెఱ్ఱీపండ్లు కొని, బల్లపై కూర్చుండి తినిరి. పాత వార్తాపత్రికను ఉండచుట్టి, దారము కట్టి, బంతి యాట ఆడిరి. మిగిలిన డబ్బులతో టీ త్రాగి, చిరుతిండి పంచుకొనిరి. సాయంకాలము కాగానే తిరిగి వర్కుహౌసు తలుపు తట్టిరి. బట్టలను మరల ఆవిరి పట్టించవలసి వచ్చెనని, కాగితములన్నియు మరల వ్రాయవలసి వచ్చెనని అధికారులు మండిపడిరట.

ఆ తల్లి చేసిన పని యేమి? బిడ్డలకు ఇల్లు ఇచ్చుట ఆమె వశములో లేదు. ఇంటిలో జరుగు పనులన్నియు, పండ్లు పంచుట, ఆడించుట, టీ పోయుట, ఒక్క పగటిలో ఇమిడ్చి యిచ్చినది. అది ఒక పూట కాపురము. మఱి కొన్ని వారములకే ఆమెకు మతి చలించి కేన్ హిల్ ఆసుపత్రికి పంపబడినది. 1903లో వ్యాధి తిరుగబెట్టగా పదునాలుగేండ్ల చార్లీయే ఆమెను చేయిపట్టి ఆసుపత్రికి నడిపించుకొని పోయెను. అన్న ఓడపై నుండెను. ఇంటి యజమానురాలి కంట బడినచో మరల హాన్‌వెల్‌కు పంపుదురేమో యను భయముతో, ఆమెకు దొరకకుండ తిరుగుచు, ఒక సందులో కట్టెలు కొట్టువారి దగ్గఱ పనిచేయుచు దినములు గడపెను.

వీధి ఆ బాలునికి నేర్పినది భయము. నటన నేర్పినది తల్లి. కిటికీ దగ్గఱ కూర్చుండి క్రింద పోవువారిని చూచి, వారి నడకను, ముఖమును అనుకరించి, వారింటిలో ఏమి జరిగి యుండునో చెప్పెడిదని ఆతడే వ్రాసెను. ఆ కిటికీ అద్దెగదిది కావచ్చును. అయినను అది ఒక ఇంటి కిటికీయే.

ఇక చిత్రముల విషయము. 1918 నాటి 'ఎ డాగ్స్ లైఫ్' తొలి దృశ్యమున దిమ్మరి ఖాళీ స్థలములో, కొయ్య కంచె ప్రక్కన నేలపై పండుకొని యుండును. పైన ఆకాశమే కప్పు. అయినను కంచెకున్న చిన్న రంధ్రము గుండ చలిగాలి వచ్చుచున్నదని చేతిరుమాలుతో దానిని మూయును. ప్రేక్షకులు నవ్వుదురు. బైరాగి ఆ రంధ్రమును చూడనే చూడడు. దానిని మూయువాడు గృహస్థు.

1921 నాటి 'ది కిడ్'లో ఈ గృహస్థధర్మము పరిపూర్ణముగా కనబడును. ఆ చిత్రమునకు పూనుకొనుటకు కొలది కాలము ముందే, 1919 జూలైలో, చాప్లిన్ మొదటి బిడ్డ పుట్టిన మూడు దినములకే మరణించెను. చిత్రములో దిమ్మరికి వీధిలో పసికందు దొరకును. వదలించుకొన జూచి, సాధ్యపడక, తన అటక గదికి తెచ్చుకొనును. కాఫీ కూజాను వ్రేలాడగట్టి పాలపీక చేయును. కుర్చీ అడుగున కన్నము కోసి బిడ్డకు ఆసనము చేయును. దుప్పటి నడుమనున్న చినుగులో తల దూర్చగా అది ఉదయపు అంగీ యగును. పిల్లవాడు ఐదేండ్లవాడైన తరువాత తానే అట్టులు పోసి, తండ్రిని నిద్ర లేపును. ఇద్దఱును సమముగా లెక్కపెట్టుకొని పంచుకొందురు. ఇచట దారిద్ర్యమును చూపుటకు చాప్లిన్ కన్నీటిని వాడుకొనలేదు. ఇంటిపనిని వాడుకొన్నాడు. అందువలననే, అనాథశాలవారు వచ్చి పిల్లవానిని బండిలో వేసికొని పోవునపుడు ప్రేక్షకుని గుండె జలదరించును. పోవుచున్నది బిడ్డ మాత్రమే కాదు, అట్ల లెక్కయు, దుప్పటియు, కూజాయు గల ఒక వ్యవస్థ. ఇంటికప్పుల మీదుగా పరుగెత్తి ఆ బండిలోనికి దూకు దృశ్యము చాప్లిన్ తీసిన వానిలో నెల్ల మిన్న యన్నచో అతిశయోక్తి కాదు. తరువాత వచ్చు స్వర్గపు కలమాత్రము అతుకువలె నున్నది. అది లేకున్నను చిత్రమునకు లోటు రాదు. కథ తుదిని ధనవంతురాలైన తల్లి ఇంటి తలుపు తెఱచుకొని దిమ్మరి లోపలికి పోవును. లోపల ఏమి జరిగెనో చాప్లిన్ చూపలేదు.

'ది గోల్డ్ రష్' (1925)లో బూటును ఉడికించి తిను దృశ్యమును ఎఱుగని వారుండరు. ఆకలిగొన్నవాడు ఏదో ఒకటి తినుట అందలి విశేషము కాదు. పళ్ళెములో వడ్డించుట, కత్తితో తీరుగా కోయుట, మేకులను ఎముకలవలె చప్పరించుట, ఆ మర్యాదయే విశేషము. 'సిటీ లైట్స్' (1931)లో ఒక కోటీశ్వరుడు త్రాగిన రాత్రి దిమ్మరిని కౌగిలించుకొని ఇంటికి కొనిపోవును. మఱునాడు మత్తు దిగగానే ఎవడు వీడని గెంటించును. దాత మనఃస్థితిపై ఆధారపడిన ఆశ్రయము ఎట్టిదో ఇంతకంటె సూటిగా చెప్పిన చిత్రము అరుదు. గ్రుడ్డిదియగు పూలపిల్లకు అద్దె బాకీ పడగా, ఆ ఇరువదిరెండు డాలర్ల కొఱకు దిమ్మరి ముష్టియుద్ధమునకు దిగును. తన కిల్లు లేనివాడు పరుల ఇంటి అద్దెకై దెబ్బలు తినుట! 'మోడరన్ టైమ్స్' (1936)లో తండ్రి చనిపోగా చెల్లెండ్రను అధికారులు పట్టుకొనిపోయిన బాలిక యొకతె అతనికి తోడగును. ఇరువురును నీటి ఒడ్డునగల చెక్కల గుడిసెలో కాపురము పెట్టుదురు. తలుపు మూయగా దూలము నెత్తిపై పడును, బల్ల కూలును. అయినను ఫలాహారము బల్లపైననే.

ఇంతవఱకు చెప్పినది వస్తువును గూర్చి. ఆ వస్తువును తన ఇచ్చ వచ్చినట్లు తెఱకెక్కించు అధికారమును చాప్లిన్ ఎట్లు సంపాదించెనో చూడవలెను. స్వతంత్ర చిత్రనిర్మాణ మన్న మాట నేడు తఱచుగా వినబడును. అతని విషయమున దాని కర్థము కాలముపై అధికారము. 1913 చివర కీస్టోన్ సంస్థలో వారమునకు 150 డాలర్లకు కుదిరినాడు. అచట చిత్రములు దినముల లెక్కన తయారగుచుండెను. 1916లో మ్యూచువల్ సంస్థ ఏడాదికి 6,70,000 డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఆ ధనముతో అతడు చేసిన మొదటి గొప్ప పని, 1918 నాటికి హాలీవుడ్‌లో సొంత స్టూడియో కట్టుకొనుట. ఇల్లు కట్టి చూడుమన్న సామెత మనకు కలదు. ఇతడు స్టూడియో వీధి ముఖమును ఇంగ్లండు పల్లెలోని ఇండ్ల వరుసవలె కట్టించెను! 1919లో మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్, గ్రిఫిత్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ పంపిణీ సంస్థను స్థాపించెను. కాలక్రమమున చిత్రము తీయుటకును, విడుదల చేయుటకును ఒకరి గడప త్రొక్కవలసిన అవసరము అతనికి లేకపోయెను.

దాని ఫలితమును 'సిటీ లైట్స్'లో చూడవచ్చును. పూలపిల్ల దిమ్మరిని ధనవంతుడని పొరపడవలెను. ఆమెకు చూపు లేదు. చిత్రమునకు మాట లేదు. ఎట్లు? ఈ ఒక్క ముడి విప్పుటకు ఆ దృశ్యమును మూడు వందలకు పైగా మాఱులు తీసినారు. తుదకు దొరికిన ఉపాయము ఒక తలుపు. దిమ్మరి దారిలో ఆగియున్న కారులో ఒక వైపు ఎక్కి మఱొక వైపు దిగును. కారు తలుపు మూసిన చప్పుడు విని ఆమె అతనిని కారు గల దొరగా భావించును. కూలి లెక్కచూచు యజమాని క్రింద ఈ తలుపు దొరకెడిది కాదు. అయితే ఈ స్వాతంత్ర్యము ఒక్కని స్వాతంత్ర్యము. పూలపిల్లగా నటించిన వర్జీనియా చెరిల్‌ను నడుమ తొలగించి, మరల పిలిపించినారు. వేచియుండుట ఆమె వంతు, ఆలోచించుట ఆతని వంతు.

మాటల చిత్రములు వచ్చిన తరువాత కూడ అతడు మౌనమును విడువలేదు. దీనిని మొండితనమన్నారు. మాతృభాష వీధిలో వినబడని ఊళ్లలో కాపురముండువారికి ఈ మొండితనము తేలికగా అర్థమగును. దిమ్మరి ఇంగ్లీషు మాటాడిన నాడు అతనికి ఒక దేశము, ఒక యాస, ఒక కులస్థాయి అంటుకొనును. మాటాడనంత కాలము ఏ ఊరి ప్రేక్షకుడైనను వానిని తన ఊరివానిగనే చూచును. 'మోడరన్ టైమ్స్'లో తొలిసారి అతని గొంతు వినిపించునపుడు కూడ, పాడినది ఏ భాషకును చెందని పదములనే.

చాప్లిన్ రచయిత యగుట ఇంతకంటెను కష్టసాధ్యము. 1903లో నాటకమున వేషము దొరకినపుడు, ఆ పుటలను అప్పటికప్పుడు చదువుమందురేమో యని అతడు వణకెను. చదువు అంత అంతంత మాత్రము. ఇంటికి తెచ్చుకొనగా సిడ్నీ చదివి వినిపించి కంఠస్థము చేయించెను. తరువాత నిఘంటువు దగ్గఱ పెట్టుకొని మాటలు నేర్చుకొన్నాడు. 'లైమ్‌లైట్' (1952) చిత్రమునకు పూర్వము దాని కథను 'ఫుట్‌లైట్స్' అను పేర నవలగా వ్రాసికొనెను. అది 2014లో గాని ముద్రణ కాలేదు. 1952లో ఆ చిత్రముతో లండనుకు ఓడపై పోవుచుండగా, అమెరికా ప్రభుత్వము అతని పునఃప్రవేశపు అనుమతిని రద్దు చేసెను. నలువది యేండ్లు పనిచేసిన దేశము తలుపు మూసినది. 1953 నుండి స్విట్జర్లండులోని వెవే సమీపమున స్థిరపడి, అచటనే ఆత్మకథ వ్రాసినాడు.

ఆ గ్రంథమున రెండు గ్రంథములున్నవి. బాల్యమును చెప్పు మొదటి భాగము ఏ భాషలోనైనను నిలువదగినది. తరువాతి భాగము ప్రభువుల, ప్రధానమంత్రుల, పండితుల పేర్ల పట్టికగా మాఱుచు పోవును. చిత్రములు ఎట్లు తీసెనో తెలిసికొన గోరువారికి నిరాశయే. 1928 నాటి 'ది సర్కస్' ప్రస్తావనయే అందు లేదు. విమర్శకులు దీనిని వార్ధక్యదోషమన్నారు. దీని మూలము మఱొక చోట, అదే గ్రంథముననే కలదు.

సోమర్సెట్ మామ్ అను ఆంగ్ల రచయిత, చాప్లిన్ మనస్సు నేటికిని మురికివాడలనే కోరుచున్నదని భావము వచ్చునట్లు వ్రాసెను. చాప్లిన్ దీనిని తీవ్రముగా ఖండించినాడు. పేదరికములో తనకు ఏ ఆకర్షణయు కనబడలేదనియు, అది తనకు నేర్పినది విలువలను తలక్రిందుగా చూచుటయే యనియు, ధనవంతుల గుణములను ఉన్నదానికంటె ఎక్కువగా ఎంచుట దాని ఫలమనియు ఆతని వాదము. 1931 సెప్టెంబరులో లండను తూర్పు పేటలో ఒక చిన్న ఇంటిలో గాంధీమహాత్ముని దర్శించి, యంత్రములను ఏల వ్యతిరేకింతురని అడిగి, ప్రార్థన ముగియువఱకు కూర్చుండినవాడును ఇతడే. పేదరికమును కోరి వరించిన ఆయనను గౌరవించినాడు; అది తన మార్గమని భావింపలేదు. ఐదేండ్లకు వచ్చిన 'మోడరన్ టైమ్స్'లో గాంధీజీ బోధను వెదకువారు, అందలి నాయకుని పగటికలను కూడ చూడవలెను. ద్రాక్షగుత్తులు చేతి కందునట్లు వ్రేలాడును, ఆవు తానుగా వంటింటి గుమ్మమునకు వచ్చి పాలిచ్చును. కలలో అతడు కోరినది త్యాగము కాదు, నిండిన వంటిల్లు.

మామ్‌కు ఇచ్చిన ఆ సమాధానమును వెంట నుంచుకొని గ్రంథపు రెండవ సగమును చదివినచో, అందలి ప్రభువుల పేర్లన్నియు వేఱుగా వినబడును. పేదరికము తన దృష్టికి చేసిన హానిని అతడు ఒక పుటలో శాస్త్రజ్ఞునివలె నిర్ణయించినాడు. తరువాతి వందల పుటలలో ఆ హానిని తానే ప్రదర్శించినాడు. లాంబెత్ వర్కుహౌసు గోడలు అచటి వఱకు వచ్చినవి. చిత్రములలో మాత్రము ఈ దోషము లేదు. అచట కోటీశ్వరుడు త్రాగుబోతు. పంచిపెట్టు మర్యాద అంతయు ఇల్లు లేనివానిది.

ఆత్మకథ చివర వృద్ధుడైన చాప్లిన్ వెవే భవనపు అరుగుపై సూర్యాస్తమయవేళ కూర్చుండి, పచ్చికను, సరస్సును, కొండలను చూచుచు ఏ ఆలోచనయు లేక నిశ్చలముగా నుండును. అందమైన పుటయే. చదువరి మాత్రము ఆ విశాలమైన పచ్చికపై, తనకు తెలియకుండనే, అఱపౌను చెఱ్ఱీపండ్ల పొట్లమును, దారము కట్టిన కాగితపు బంతిని వెదకుకొనును.